రెండు వైపులా ఆడిన మనిషి

మా వీధి జోకరుగారు పోయారని నాకు చెప్పినవాడు ఇరవై ఏళ్లుగా నాతో మాట్లాడని మనిషి. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి నిలబడ్డాను. గేటు గడియ చప్పుడైంది. వెళ్లి చూస్తే అతను గేటుకి అవతలే ఉన్నాడు. లోపలికి రాలేదు.

"జోకరుగారు పోయారు," అన్నాడు.

"ఎప్పుడు?"

"తెల్లారుజామున."

ఇంకేదో అంటానేమోనని కాసేపు చూశాడు. వెళ్లిపోయాడు. లోపలికొచ్చేసరికి పాలు పొంగిపోయాయి. పొయ్యి తుడిచి కూర్చున్నాను. ఆ రోజు తాడేపల్లిగూడెం పాసింజరు ఎక్కలేదు. అక్కడి ఉల్లిపాయల మార్కెట్‌లో గుమస్తాగా చేరాక నేను చెప్పకుండా మానేసిన రోజులు చాలా తక్కువ.

జోకరుగారు అంటే సర్కసు మనిషి కాదు. వీధిలో క్రికెట్ ఆడినవాళ్లకి తెలుస్తుంది. వచ్చినవాళ్లు బేసి సంఖ్యలో ఉంటే ఒకరు మిగులుతారు. ఆ మిగిలిన మనిషి రెండు జట్లకీ బ్యాటింగు చేస్తాడు. అతన్నే జోకర్ అంటాం. మామూలుగా ఎవరికీ ఇష్టం లేని పని అది. గెలిచినా మన గెలుపు కాదు. మా ఏలూరులో, మా పేటలో, ఆ పని అడిగి తీసుకున్న మనిషి ఈయన ఒక్కరే. అప్పటికే ఆయనకి యాభై దగ్గర పడుతున్నాయి, మాకు పాతికేళ్లు. పెద్దాయన్ని ఊరికే జోకర్ అనడానికి నోరు రాక గారు చేర్చాం. అది అలాగే ఉండిపోయింది. మొన్న చర్చిలో పాస్టరుగారు ఆయన అసలు పేరు చదివి ప్రార్థన చేయమంటే, వెనక బెంచీల్లో సగం మందికి ఎవరో అర్థం కాలేదు. ముందు కూర్చున్న పెద్దావిడ వెనక్కి తిరిగి, "మన జోకరుగారండీ," అంటే అప్పుడు అందరూ తలలు వంచారు.

వయసులో ఉన్నప్పుడు తమిళనాడు వెళ్లి, అక్కడ ఒక చేపల రేవులో ఐస్ ప్లాంటులో పదేళ్లు పనిచేసి వచ్చారు. తర్వాత మా ఊరి శివార్లలో ఐస్ ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటరు. కైకలూరు చేపల ప్యాకింగుకి ఐస్ అక్కణ్ణుంచి వెళ్లేది. ఆదివారం చర్చి అయ్యాక తెల్ల ప్యాంటు మోకాళ్లదాకా మడిచి ఆటకి వచ్చేవారు. ఆయన అలవాటు ఒకటి మాకు మొదట్లో నవ్వు తెప్పించేది. ఎవరినైనా మీరు అనేవారు. బంతి వేసేవాడికి పదేళ్లున్నా సరే, వికెట్ల ముందు నిలబడి, "కొంచెం మెల్లగా వెయ్యండి బాబూ, మోకాలు బాగాలేదు," అనేవారు. అవుటైతే బ్యాట్ చంకలో పెట్టుకుని, అవుట్ చేసినవాడికి దణ్ణం పెట్టి వెళ్లేవారు. అరగంటకి అవతలి జట్టు తరఫున మళ్లీ అదే బ్యాట్‌తో వచ్చేవారు.

"నేను ఏ రోజూ ఓడిపోలేదండీ," అనేవారు. "గెలవనూ లేదు. భోజనం బానే పడుతుంది."

ఇక గేటు దగ్గరికొచ్చిన మనిషి గురించి చెప్పాలి. అతను పైవీధి జట్టు కెప్టెన్. నేను కిందివీధి. అంతకంటే ముందు ఇద్దరం ఒకే బెంచీ. నేను ఏడో తరగతిలో బడి మానేసి పనికి వెళ్లాను. అతను పై క్లాసులకి వెళ్తూ, ఏడాది అయిపోగానే తన పుస్తకాలన్నీ తెచ్చి మా ఇంట్లో పడేసేవాడు. తనకి వచ్చినంత నాకు చెప్పేవాడు, రానిది ఇద్దరం కలిసి చూసేవాళ్లం. నేనివాళ ఈ నాలుగు వాక్యాలు రాయగలుగుతున్నానంటే ఆ పుస్తకాల వల్లే. నాకు ఆట అంతగా రాదు. చేతిరాత బాగుంటుందని, ఎక్కువ మాట్లాడనని, స్కోరు పుస్తకం నాకిచ్చారు. ఏ రోజు లెక్క ఆ రోజు రాసే అలవాటు నాకు అక్కణ్ణుంచే వచ్చింది. నేను కిందివీధి వాడినైనా పైవీధి వాళ్లు ఎప్పుడూ ఆ పుస్తకం తిప్పి చూడలేదు. కెప్టెన్ చూడనిచ్చేవాడు కాదు. వాడు రాశాడంటే అంతేరా, అనేవాడు.

ఆ మాట పోయింది ఒక ఎండిన చెరువులో.

కొల్లేటి వైపు ఎవరైనా చూసే ఉంటారు. చేపలు పట్టేశాక చెరువుని కొన్నాళ్లు ఎండగడతారు. అడుగు మట్టి గట్టిపడి, నెర్రెలిచ్చి, పెద్ద మైదానంలా ఉంటుంది. చుట్టూ గట్టు. అంతకంటే మంచి బౌండరీ ఏ స్టేడియానికీ ఉండదు. జోకరుగారు కైకలూరు దగ్గర తనకి తెలిసిన రైతుని అడిగి, ఒక చెరువులో మా రెండు వీధులకీ మ్యాచ్ ఏర్పాటు చేశారు. ఐస్ వ్యాన్‌లో వెనకాల నిలబడి వెళ్లాం. అయితే ఆ ఆదివారమే చెరువుకి నీళ్లు పెట్టే రోజు. రైతు ముందే చెప్పాడట. మేం వెళ్లేసరికి ఒక మూల తూము తీసేసి ఉంది. కెప్టెన్ అదేంటండీ అని అడిగితే జోకరుగారు తాపీగా, "చెరువు నిండటానికి రెండ్రోజులు పడుతుందండీ. మన ఆట రెండు గంటలు," అన్నారు.

ఆయన లెక్క తప్పు కాదు. కానీ చెరువు అడుగు సమంగా ఉండదన్న సంగతి ఐస్ మనిషికీ తెలియలేదు, పేట మనుషులకీ తెలియలేదు. నీళ్లు పల్లం వెతుక్కుంటూ మా వైపే వచ్చాయి. ఓవరు ఓవరుకీ మైదానం ఒక పక్క తగ్గుతూ వచ్చింది. ఆ పక్క ఫీల్డింగు చేసేవాడు ఓవరుకి రెండడుగులు వెనక్కి జరుగుతూ పిచ్ దాకా వచ్చేశాడు.

చివరి బంతికి పైవీధి గెలవాలంటే రెండు పరుగులు కావాలి. బ్యాటింగులో కెప్టెన్, అవతలి కొసన జోకరుగారు. అప్పటికి ఆయన పైవీధి తరఫున ఆడుతున్నారు. కెప్టెన్ బంతిని నీళ్లలోకి కొట్టాడు. ఫీల్డరు అంచున ఆగిపోయాడు. చెప్పులు విప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఈలోగా ఇద్దరూ రెండు పరుగులు తీసేశారు. పైవీధి వాళ్లు గట్టు మీద గెంతుతున్నారు.

నేను పుస్తకం పట్టుకుని గీతకి పదడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. అంపైరు బంతి వైపు చూస్తున్నాడు, అందరూ బంతి వైపే చూస్తున్నారు. నేను గీత చూశాను. మొదటి పరుగులో ఒక బ్యాట్ గీత దాకా రాలేదు. జానెడు ఇవతలే వెనక్కి తిరిగింది. గీత తాకని పరుగు లెక్కలోకి రాదు. అది జోకరుగారి బ్యాట్.

ఒకటి రాశాను. లెక్క సమమైంది.

కెప్టెన్ పరిగెత్తుకుంటూ వచ్చి పుస్తకం చూశాడు. అప్పటిదాకా ఎప్పుడూ చూడనివాడు. ఒకటేంటి అన్నాడు. ఒకటి తక్కువైంది, గీత తగల్లేదు అన్నాను. ఎవరిది అని అతను అడగలేదు. తనదే అంటున్నానని అనుకున్నాడు. నేనూ చెప్పలేదు. పెద్దాయన, మాకోసం చెరువు అడిగిన మనిషి, పొద్దున అందరికీ అరటిపళ్లు తెచ్చిన మనిషి. ఆయన పేరు అంతమందిలో ఎలా చెప్పను?

"పుస్తకం చేతిలో ఉందని మీ వీధి ఓడిపోకుండా రాసుకున్నావు," అన్నాడు కెప్టెన్.

నాకు చదువు చెప్పిన మనిషి నా రాతని అన్న మాట అది. నేను పుస్తకం మూశాను. వచ్చేటప్పుడు వ్యాన్‌లో ఒక జట్టు ఒక మూల, ఇంకో జట్టు ఇంకో మూల. మధ్యలో జోకరుగారు ఖాళీ చేపల ట్రే తిరగేసి దానిమీద కూర్చున్నారు.

ఆ తర్వాత మా వీధుల ఆట ఆగిపోయింది. కెప్టెన్ పెళ్లికి వెళ్లాను, భోంచేశాను, మాట్లాడలేదు. మా అమ్మ పోయినప్పుడు అతను వచ్చాడు, దండ వేశాడు, వెళ్లిపోయాడు. కోపం కాదు. కోపమైతే ఎప్పుడో చల్లారేది. అలవాటైపోయింది. రోజూ సాయంత్రం రైలు దిగి నడిచొస్తుంటే అతని రేడియేటర్ల రిపేరు షాపు తగులుతుంది. ఆ ముప్పై అడుగులు కుడి పక్కకి చూస్తూ నడవడం కూడా ఒక పనే. ఇన్నేళ్లు చేస్తే మనిషి అలిసిపోతాడు.

జోకరుగారు మాత్రం రెండిళ్లకీ వచ్చేవారు. మా ఇంట్లో టీ తాగి, "కెప్టెన్‌గారి పాపకి జ్వరం తగ్గిందండీ," అని నేను అడగకుండానే చెప్పేవారు. నా కబుర్లు అక్కడ చెప్పేవారని నాకు తెలుసు. సర్దుకోండి అని ఎప్పుడూ అనలేదు. ఆయన మాటల్లో ఒకటి గుర్తుంది. బ్యాటింగు చేసేవాడు బంతి చూడాలి, పరిగెత్తేవాడు మనిషిని చూడాలి అనేవారు.

మూడేళ్ల కిందట వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మమ్మల్నందరినీ సినిమాకి పిలిచారు. సినిమా అంటే వాళ్లింటి ముందు గదిలో టీవీ. అదొక తమిళ హాస్యచిత్రం, వీధిలో క్రికెట్ ఆడుకునే స్నేహితుల కథ. తెలుగులో రాలేదు. డబ్బింగ్ ఉందా అని ఎవరో అడిగితే, "నేనున్నాను కదండీ," అన్నారు. పొట్టలు పెరిగి, జుట్టు పలచబడ్డ పాత ఆటగాళ్లం చాపల మీద కూర్చున్నాం. నేను ఈ గోడకి, కెప్టెన్ ఆ గోడకి. ఆయన టీవీ పక్కన కుర్చీ వేసుకుని అన్ని వేషాలకీ గొంతు తనే ఇచ్చారు. హీరోయిన్‌కి కూడా. సినిమాలో ఏ ఊరో గానీ ఆయన నోట్లో అది ఏలూరు అయిపోయింది. పోటీ జట్టు దెందులూరు నుంచి వచ్చింది. ఒక చోట తెరమీద మనిషి రెండు ముక్కలు అంటే ఈయన నిమిషంసేపు చెప్పారు.

"అతనంది ఇంతే కదండీ, మీరు అంత చెప్పారేంటి?" అన్నాడొకడు.

"తమిళం చిక్కగా ఉంటుందండీ. నీళ్లు కలిపితే గానీ తెలుగవదు."

అంతా నవ్వారు. కెప్టెన్ కూడా నవ్వాడు. అతని నవ్వు విని నేను ఎన్నేళ్లయిందోనని అనుకున్నాను.

సగం సినిమా అయ్యాక ఒక సన్నివేశం వచ్చింది. విడిపోయిన ఇద్దరు స్నేహితులు టీకొట్టు ముందు చెరో బల్ల మీద కూర్చుంటారు. కొట్టు ముసలాయన మధ్యలో నిలబడి ఏదో అంటాడు. జోకరుగారు అప్పటిదాకా పెద్ద గొంతుతో చెబుతున్నవారు అక్కడ తగ్గించారు. తెర వైపు చూడకుండా చెప్పారు. "ఆ రోజు గీత తాకనిది నేను. ఒకడు చూశాడు, నా మొహం చూసి చెప్పలేదు. ఇంకొకడు తననే అన్నాడనుకున్నాడు."

ఇన్నేళ్లూ ఆయనకి తెలియదనే అనుకున్నాను. తల ఎత్తి చూస్తే ఆయన తర్వాతి పాత్ర గొంతులోకి వెళ్లిపోయారు. కెప్టెన్ వేరుశెనగకాయలు ఒలుచుకుంటున్నాడు. ఇంతకీ ఆ ముసలాయన ఎప్పుడు ఆడాడు, ముందు చూపించలేదే అని పక్కవాణ్ణి అడిగాడు. సినిమా అయ్యాక ఎవరిళ్లకి వాళ్లం వెళ్లిపోయాం.

కిందటి చలికాలం నుంచి ఆయన మంచం పట్టారు. ఐస్ ప్లాంటులో ఏళ్లతరబడి అమోనియా పీల్చిన ఊపిరితిత్తులు, ఇంక చేసేదేమీ లేదన్నారు డాక్టర్లు. నేను సాయంత్రం రైలు దిగి వాళ్లింటి మీదుగా వచ్చేవాణ్ణి. ఎక్కువగా ఊరికే కూర్చునేవాళ్లం. ఒక రోజు ఆయనే అడిగారు.

"ఆ పుస్తకం ఉందాండీ ఇంకా?"

"ఉందండి."

"ఒకటే రాశారు కదూ."

"ఒకటేనండి."

దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగారు. తర్వాత నెమ్మదిగా, రెండు మూడు సార్లు ఆగి చెప్పారు. గీత తాకలేదని ఆయనకి పరిగెత్తేటప్పుడే తెలుసట. మట్టిలో కాలు జారి వెనక్కి తిరిగారు. చెబుదామనుకున్నారు. కానీ రెండు వైపులా ఆడేవాడు చివరి బంతికి ఒక వైపు పరుగు తగ్గించాడంటే ఏమంటారు? కావాలనే చేశాడంటారు. ఇంక ఎవరూ జోకర్‌గా పెట్టుకోరు. రెండు జట్లలో ఏదీ తనది కాదు కాబట్టి రెండూ పోతాయి. అందుకని ఊరుకున్నారు. ఆ ఊరుకున్నది ఇంత దూరం వస్తుందనుకోలేదు.

"సినిమాలో పెట్టి చెప్పానండీ. ఆయనేమో కాయలు ఒలుచుకుంటున్నారు."

మరి ఇంటికెళ్లి చెప్పొచ్చు కదా అని నేను అడగలేదు. నేనూ చెప్పొచ్చు. నాకూ కాళ్లున్నాయి.

"మీరు చెప్పండి," అన్నారు. "నేను పోయాకైనా చెప్పండి. అప్పుడు మీకు మొహమాటం ఉండదు."

అలాగేనండి అన్నాను. ఆయన ఆ మాట పట్టుకుని నా చెయ్యి కాసేపు వదల్లేదు.

సమాధుల తోటలో పెట్టె దించేటప్పుడు ఒక తాడు కెప్టెన్ పట్టుకున్నాడు, ఎదురు తాడు నేను పట్టుకున్నాను. అప్పుడు చెప్పలేదు. మర్నాడు అతని షాపు దాకా వెళ్లి, కుడి పక్కకి చూస్తూ దాటిపోయాను. ఆయన అనుకున్నది ఒక్కటే తప్పు. పోయినవాళ్ల దగ్గర మొహమాటం తగ్గదు, పెరుగుతుంది. బతికున్న మనిషి పొరపాటైతే పొరపాటనొచ్చు. పోయిన మనిషి గురించి ఆయన ఇంటి ముందు, ఆయన పెట్టిన భోజనం తింటూ ఎలా అంటాం?

పోయినవాళ్ల ఇంటి దగ్గర పెట్టే ఆదరణ కూడిక రోజున సరిగ్గా ఆ పరిస్థితే వచ్చింది. ప్రార్థన అయ్యాక షామియానా కింద భోజనాలు. కుర్చీలు తక్కువై, నన్నూ కెప్టెన్‌నీ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోబెట్టారు. జోకరుగారి కూతురు వడ్డిస్తోంది. చిన్నప్పుడు తమిళనాడులోనే పెరిగింది కాబట్టి ఆమెకి తమిళం బాగా వచ్చు. పప్పు వేస్తూ ఆ సినిమా సంగతి తీసింది. నాన్నగారు మంచంలో కూడా అదే పెట్టించుకుని చూసేవారని చెప్పింది.

"ఆ టీకొట్టు సీను మాత్రం మీకందరికీ అబద్ధం చెప్పారంట కదండీ. అక్కడ ఆ ముసలాయన అనేది ఇడ్లీ అయిపోయింది, గారెలు తింటారా అని. అంతే. ఎందుకు నాన్నా అలా చెప్పావంటే నవ్వేసేవారు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వి, కళ్లు తుడుచుకుని పక్క బల్లకి వెళ్లింది.

కెప్టెన్ నవ్వలేదు. ముద్ద చేతిలో ఉంది. ఆ సీను గుర్తు చేసుకుంటున్నట్టు ఆకు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నా కళ్లలోకి అతను చూసి ఇరవై ఏళ్లయింది.

"గీత తాకనిది ఎవరురా?" అన్నాడు.

ఎదురుగా గోడకి ఆనించి ఆయన ఫోటో, ఫోటోకి దండ. ఈసారి కూడా పుస్తకం మూసేస్తే ఇంక తెరిచే అవసరం రాదని తెలుసు.

"ఆయనే," అన్నాను.

"నువ్వు చూశావా?"

"పదడుగుల్లో ఉన్నాను."

అతను ముద్ద ఆకులో పెట్టేశాడు. పక్కవాళ్లు చూస్తున్నారని మళ్లీ తీసుకుని తిన్నాడు.

"చెప్పొచ్చు కదరా."

"అవును," అన్నాను.

చాలాసేపటికి పెరుగు గిన్నె వచ్చింది. అతను వేసుకుని, గిన్నె ముందుకు పంపకుండా లేచి నా ఆకులో తనే వేశాడు. నాకు పెరుగు ఎక్కువ కావాలని అతనికి గుర్తుంది. "ఆ పుస్తకంలో దిద్దకు," అన్నాడు కూర్చుంటూ. "ఒకటే ఉండనీ."

ఇద్దరం కలిసి చేతులు కడుక్కున్నాం. వీధి మలుపు దాకా కలిసి నడిచాం. మాట్లాడుకున్నది తక్కువే. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులున్నాయని తెలిసింది. అంతటితో ఇరవై ఏళ్లు తిరిగి రావు. ఆయన ఉండగా ఒక్క సాయంత్రం ముగ్గురం కూర్చుని ఉంటే ఎలా ఉండేదో అన్న ఆలోచన మాత్రం పోవడం లేదు. నేను చేసిన ఆలస్యం అది. ఆయనకి క్షమాపణ చెప్పుకోవాలని ఇదంతా రాశాను.

చెరువులో ఆ రోజు గొడవ జరుగుతున్నంతసేపూ ఆయన మా మధ్య లేరు. రెండు జట్లూ పిచ్ మీద అరుచుకుంటుంటే, ఎవరూ దిగని నీళ్లలోకి ఆయనే బంతి కోసం దిగారు. తెల్ల ప్యాంటు మడత మోకాలి దగ్గర తడిసిపోయింది. తేలుతున్న బంతిని పట్టుకుని, చొక్కా అంచుతో తుడిచి, మా వైపు తిరిగారు. చెరువు నిండుతోంది. ఒక పక్క కెప్టెన్, ఒక పక్క నేను. ఆయన చెయ్యి పైకెత్తి, ఇటు ఒకసారి అటు ఒకసారి చూశారు.

"ఎవరికి వెయ్యమంటారండీ?" అన్నారు.

మేం ఎవరం చెయ్యి చాపలేదు. ఆయన నీళ్లలో అలాగే నిలబడి ఉన్నారు.